రేసర్ ‘అన్న’ ఎప్పుడు ‘తమ్ముడు’ అవుతడు?

నవంబర్ 30, ఆదివారం రాత్రి. ఖతార్‌లోని లుసైల్ ట్రాక్‌పై ఏడో ల్యాప్. రెండు కార్లు తగలడంతో సేఫ్టీ కారు వచ్చింది. దాదాపు అన్ని టీములూ టైర్లు మార్చుకోవడానికి పిట్‌లోకి దూరాయి. మెక్‌లారెన్ మాత్రం తన రెండు కార్లనూ బయటే ఉంచింది. కాసేపటికే దోహా నుంచి నాకు ఫోన్. ‘‘చూసినవా? మొత్తం యాభై ఏడు. ఏడు పోతే యాభై. యాభై అంటే రెండు ఇరవై ఐదులు. గింత లెక్క వాళ్లకు తెల్వదా?’’ అన్నాడు ఇంటర్ నాటి నా దోస్తు.

ఆ రేసులో ఒక సెట్ టైర్లతో 25 ల్యాపులకు మించి నడపొద్దని నిబంధన పెట్టారు. కాబట్టి ఏడో ల్యాప్‌లో ఆగినవాళ్లకు లెక్క సరిగ్గా సరిపోయింది. ఆగని మెక్‌లారెన్‌కు చేతిలో ఉన్న రేసు పోయింది. మ్యాక్స్ వెర్‌స్టాపెన్ గెలిచాడు. మావాడి లెక్క కరెక్టే. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది లెక్క కాదు. ఇరవై నిమిషాలు మాట్లాడినా వాడి నోట ఒక్కసారి కూడా ‘మావోడు’ అనే మాట రాలేదు.

2007లో జగిత్యాలలో ఒకే కిరాయి గదిలో ఉండేవాళ్లం. వాడు లూయిస్ హామిల్టన్, నేను ఫెర్నాండో అలొన్సో. ఇద్దరు డ్రైవర్లూ అప్పుడు మెక్‌లారెన్‌లోనే. హంగరీ క్వాలిఫయింగ్‌లో అలొన్సో పిట్‌లో కావాలని ఆగిపోయి, వెనకున్న హామిల్టన్‌కు చివరి ల్యాప్ దక్కకుండా చేశాడు. అలొన్సోను అయిదు స్థానాలు వెనక్కి నెట్టారు. మా గదిలో వారం రోజులు మాటల్లేవు. అన్నం ఒకరు, కూర ఒకరు వండుకునే రూము.. ఎవరి టిఫిన్ వాళ్లదైపోయింది. అక్టోబర్ 21న బ్రెజిల్‌లో సీజన్ ముగిసేసరికి కిమి రైకోనెన్‌కు 110 పాయింట్లు, మా ఇద్దరి హీరోలకూ చెరి 109. ఒక్క పాయింట్‌తో ఇద్దరూ పోయారు. నిజం చెప్పాలంటే, అలొన్సో ఓడినందుకు పడ్డ బాధ కన్నా హామిల్టన్ గెలవనందుకు పడ్డ సంతోషమే ఎక్కువ.

పదిహేడేళ్ల అభిమానంలో సగం ప్రేమ, సగం పగ ఉంటాయి. ఆ పగ వయసుతో ఎటు పోతుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ ప్రశ్నకు మన ప్రాంతంలో ఒక ప్రత్యేకత ఉంది. సినిమా హీరో అభిమానం మనకు చాలావరకు ఇంట్లోంచి వస్తుంది.. అన్న ఎవరి ఫ్యానో, బాబాయి ఎవరికి ఫ్లెక్సీ కట్టిండో దాన్నిబట్టి. క్రికెట్‌లో దేశం ఉంది. కార్ల రేసులో ఈ రెండూ లేవు. కోరుట్ల పిల్లగాడికి బ్రిటన్ డ్రైవర్ అయినా, నెదర్లాండ్స్ డ్రైవర్ అయినా ఒకటే దూరం. నారాయణ్ కార్తికేయన్ 2005లో, కరుణ్ చందోక్ 2010లో ఫార్ములా వన్‌లోకి వచ్చినా, ఇద్దరికీ దొరికింది వెనక వరుసల్లోని కార్లే. కాబట్టి మనవాడిని మనమే ఎంచుకోవాలి. సాధారణంగా మొదట చూసిన సీజన్‌లో ఎవరు కంట పడితే వాళ్లు.

దూరం అన్నాను గానీ, రేసులు జరిగే ఊళ్లు మాత్రం మనకు కొత్త కాదు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని వలసల మీద మనదగ్గర మాట ఉండనే ఉంది. బహ్రెయిన్‌లో 2004 నుంచి, అబుదాబిలో 2009 నుంచి, జెద్దా, ఖతార్‌లలో 2021 నుంచి ఫార్ములా వన్ నడుస్తోంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బస్టాండ్లలో ఈ నాలుగు పేర్లూ తెలియనివాళ్లు దొరకరు. 2025లో చివరి రెండు రేసులూ గల్ఫ్‌లోనే జరిగాయి. మా దోస్తు డ్యూటీ దిగి రూములో ఫోన్‌లో చూస్తే, నేను ఇక్కడ ఫోన్‌లో చూశాను. ట్రాక్‌కు అంత దగ్గరలో ఉండి కూడా వాడు ఇంతవరకు టికెట్ కొనలేదు. అడిగితే నవ్వి ఊకుంటడు.

సొంత గడ్డ మీద ప్రపంచ స్థాయి రేసు అనుభవం మనకు ఒక్కటే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ జరిగింది. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో రెండోసారి జరగాల్సింది, రద్దయింది. ఆ తర్వాత చెల్లింపుల మీద ఏసీబీ కేసు, అప్పటి పురపాలక మంత్రి, సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ విచారణ, ఆరోపణలను ఆయన ఖండించడం.. ఇవన్నీ వార్తల్లో చూస్తున్నవే. తేల్చాల్సింది కోర్టు. కానీ ఇవాళ సిరిసిల్ల హోటల్‌లో ‘ఫార్ములా’ అని నోరు తెరిస్తే ముచ్చట టైర్ల మీదికి పోదు, పార్టీల మీదికి పోతుంది. ఏటా రేసు జరిగి ఉంటే ఈపాటికి ఇక్కడి పిల్లలకు డ్రైవర్లను కళ్లారా చూసి ఎంచుకునే అవకాశం ఉండేది.

ఇక వయసు దగ్గరికి వద్దాం. మన భాషలో అభిమానానికి వరస ఉంటుంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు డ్రైవర్లంతా ‘అన్న’లే. 2015 మార్చిలో మెల్‌బోర్న్‌లో వెర్‌స్టాపెన్ తొలి రేసు నడిపినప్పుడు వాడికి 17 ఏళ్లు. రోడ్డు మీద కారు నడిపే లైసెన్సు కూడా ఇంకా రాలేదు. నాకంటే ఏడేళ్లు చిన్న. ఆ రోజు మనసులో ఎక్కడో గుచ్చుకుంది. తమ్ముడి వయసు వాడిని చూసి విజిల్ వేయడం కష్టం. మెచ్చుకోవచ్చు, తిట్టొచ్చు. భక్తి మాత్రం రాదు. నాకు తెలిసిన అభిమానుల్లో చాలామందికి మలుపు ఇక్కడే వచ్చింది. తమకంటే చిన్నవాడు ఛాంపియన్ అయిన రోజు నుంచి వాళ్లు మనిషిని కాక పనిని చూడటం మొదలుపెట్టారు.

సినిమా అభిమానికి ఈ ఇబ్బంది లేదు. హీరోకు అరవై దాటినా తెర మీద ఫైటు గెలుస్తూనే ఉంటాడు. రేసులో స్టాప్‌వాచ్ అబద్ధం చెప్పదు. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన హామిల్టన్ 40 ఏళ్ల వయసులో ఫెరారీకి మారి, 2025లో ఒక్క గ్రాండ్ ప్రిలో కూడా మొదటి మూడు స్థానాల్లోకి రాలేదు. చివరి మూడు రేసుల క్వాలిఫయింగ్‌లో తొలి రౌండ్‌లోనే బయటికొచ్చాడు. అలొన్సోకు అప్పటికే 44. చివరి గెలుపు 2013 మేలో. పన్నెండేళ్లుగా నేను ఎదురు చూస్తున్నది గెలుపు కోసం అనుకోను. ఇంకా ఉన్నాడు, అంతే.

హామిల్టన్ ఫెరారీకి పోవడం మరో పేచీ. పన్నెండు సీజన్లు మెర్సిడెస్‌లో ఉన్న మనిషి. ఎమ్మెల్యే కండువా మారిస్తే కార్యకర్త పార్టీలో ఉండాలా, నాయకుడి వెంట పోవాలా అన్నట్టుగా తయారైంది పరిస్థితి. నేను చూసినంతలో పాతికేళ్లలోపు వాళ్లు మనిషి వెంటే పోయారు. ముప్పై దాటినవాళ్లు ఎటూ పోలేదు. ‘చూద్దాం’ అన్నారు.

పగ కరగడానికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ సెబాస్టియన్ వెటెల్. ఢిల్లీ పక్కన బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013.. మూడు భారత గ్రాండ్ ప్రిలూ అతనివే. 2013 అక్టోబర్ 27న నాలుగో టైటిల్ ఖాయం కాగానే కారును గిరగిరా తిప్పి, దిగి దానికి దండం పెట్టాడు. అలా తిప్పినందుకు టీముకు 25 వేల యూరోల జరిమానా పడింది. అదే ఏడాది ఇటలీలో, సింగపూర్‌లో పోడియం మీద నిలబడితే జనం గోల చేసి అవమానించారు. అదే వెటెల్ 2022లో అబుదాబిలో రిటైరవుతుంటే డ్రైవర్లందరూ కలిసి అతనితో విందు చేశారు. అలొన్సో అభిమానిగా నేను ఎంత తిట్టుకున్న మనిషో! ఆ రోజు నాకూ గొంతు పట్టేసింది. వెటెల్ మారాడనీ కాదు, నేను పెద్దమనిషినయ్యాననీ కాదు. అతను గెలవడం మానేశాడు. అసలు కారణం అదే అనిపిస్తుంది. మన హీరోకు అడ్డం కాని ప్రత్యర్థిని ప్రేమించడం తేలిక.

డ్రైవర్లకే ఇది వర్తిస్తుంది. 1989, 1990లలో సుజుకాలో ఒకరినొకరు గుద్దుకుని టైటిళ్లు తేల్చుకున్న సెన్నా, ప్రోస్ట్‌ల కథ తెలిసిందే. ప్రోస్ట్ రిటైరైన మరుసటి ఏడాది, 1994 మేలో సెన్నా ప్రమాదంలో పోతే, పాడె మోసినవాళ్లలో ప్రోస్ట్ ఉన్నాడు.

2025 జూలైలో సిల్వర్‌స్టోన్‌లో నికో హల్కెన్‌బర్గ్ 19వ స్థానంలో మొదలై మూడోవాడిగా వచ్చాడు. 37 ఏళ్లు, 239వ రేసు, తొలి పోడియం. మా వయసు వాళ్ల వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఆ రోజు అతనే. కాలేజీ పిల్లలు ‘గాయన ఎవరు?’ అని అడిగారు.

సరే, డ్రైవర్ మీంచి చూపు పని మీదికి మారడం అంటే ఏమిటి? సిరిసిల్ల వాళ్లకు చెప్పక్కర్లేదు. గుడ్డ బాగుంటే పేరు ఆసామికి. సాంచె సరిగ్గా సెట్ చేసిన మెకానిక్ ఎవరో కొనేవాళ్లకు తెలియదు. నోరిస్, పియాస్ట్రిల గొడవ చూడండి. సెప్టెంబర్‌లో ఇటలీలో నోరిస్ కారు టైర్ మార్పులో ఆలస్యమైతే, ముందుకొచ్చిన పియాస్ట్రిని స్థానం తిరిగి ఇచ్చేయమన్నారు. నవంబర్‌లో లాస్‌వేగాస్‌లో అడుగు పలక అరుగుదల పరిమితి మించిందని ఇద్దరినీ డిస్‌క్వాలిఫై చేశారు. ఖతార్ లెక్క సరేసరి. డిసెంబర్ 7న అబుదాబిలో తేలిన లెక్క.. నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421, పియాస్ట్రి 410. ఆగస్టు చివర్లో 104 పాయింట్లు వెనకున్న వెర్‌స్టాపెన్ రెండు పాయింట్ల దాకా వచ్చాడంటే అందులో సగం కథ డ్రైవింగ్, సగం గ్యారేజీది, కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లది.

ఈ రెండో సగం చదువుకున్నవాళ్లకు అందే దూరంలో ఉంది. డ్రైవర్ కావాలంటే ఏడెనిమిదేళ్లకే కార్టింగ్ మొదలుపెట్టాలి, కోట్లు కావాలి. మన ఇళ్లలో అయ్యేది కాదు. కానీ ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కారు తయారుచేసి పోటీ పడే ఫార్ములా భారత్ కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేలో జరుగుతోంది. సుప్రా, బాహా పోటీలు కూడా ఉన్నాయి. కారు ఎంత వేగంగా పోయిందన్నదే కాదు, డిజైన్ ఎందుకలా చేశారు, ఖర్చెంత, వ్యాపార ప్రణాళిక ఏమిటన్నదానికీ మార్కులుంటాయి. నాచుపల్లి జేఎన్‌టీయూలో మెకానికల్, ఈఈఈ చదివే పిల్లలు ఒకసారి ఆ రూల్‌బుక్ తెరిచి చూడాలి. 2026 నుంచి ఫార్ములా వన్ ఇంజిన్లలో దాదాపు సగం శక్తి కరెంటు నుంచే. ఈఈఈ వాళ్లకు ఇది చిన్న వార్త కాదు.

ఖతార్ రేసు రాత్రి ఫోన్ పెట్టేసే ముందు దోస్తును అడిగాను.. ‘‘ఇంతకూ నువ్వు ఇంకా హామిల్టన్ పార్టీయేనా?’’ కాసేపు ఆగిండు. ‘‘ఆయన గెలవాలని ఉండదురా ఇప్పుడు. దెబ్బ తగలకుండ దిగిపోతే చాలనిపిస్తది’’ అన్నాడు. 2007లో ఆ మాట అని ఉంటే నేను పండగ చేసుకునేవాడిని.

మా అక్క కొడుకు 2007లో పుట్టాడు. కోరుట్లలో డిగ్రీ చదువుతున్నాడు. 2026 సీజన్‌కు రేసింగ్ బుల్స్ టీము అర్విడ్ లిండ్‌బ్లాడ్‌ను తీసుకుందన్న వార్త రాగానే వాడు నిర్ణయించేసుకున్నాడు. లిండ్‌బ్లాడ్ బ్రిటన్ కుర్రాడు, తల్లి వైపు భారత మూలాలున్నాయి. పుట్టింది 2007 ఆగస్టులో. ‘‘మామా, నాకంటే మూడు నెలలు చిన్న’’ అన్నాడు మావాడు గర్వంగా. అన్న కాదు, తమ్ముడూ కాదు.. తోటోడు. అప్పుడే వాడికి ఆంటొనెల్లి అంటే పడట్లేదు. ఎందుకురా అంటే కారణం చెప్పడు. మార్చి 8, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు మెల్‌బోర్న్‌లో తొలి రేసు. మా ఇంటికే వస్తానన్నాడు.