రొండిలో చాకు, జేబులో కేసు

ఒక మెట్రో స్టేషన్‌లో భద్రతా తనిఖీ వరుస. నా ముందున్న కుర్రాడు ఎలక్ట్రీషియన్. భుజాన సంచిలో టెస్టర్, చిన్న ప్లయర్, ఇన్సులేషన్ టేపు. వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. జీన్స్ ప్యాంటు కుడి జేబు అంచుకు క్లిప్పుతో తగిలించిన మడత చాకు దగ్గర మాత్రం జవాను చెయ్యి ఆగిపోయింది.

"ఇదెందుకు?"

"వైర్లు ఒలవడానికి సార్."

"మరి సామాన్లతో పాటు సంచిలో పెట్టుకోవచ్చుగా?"

"చేతికి అందేలా ఉంటుందని..."

ఆ ఒక్క మాటతో అతని కేసు ఓడిపోయింది. చాకు అక్కడే ఉండిపోయింది. పనికి ఆలస్యమవుతోందో, వాదిస్తే లాభం లేదని తెలుసో, కుర్రాడు వెనక్కి చూడకుండా మెట్లు ఎక్కేశాడు.

మడత చాకు కొనుక్కున్న ప్రతి మనిషీ మొదట ఆలోచించేది ఆ కుర్రాడు చెప్పిన విషయమే. ఎక్కడ పెట్టుకుంటే తొందరగా తీయొచ్చు? దీనికి పరిశ్రమ ఎప్పుడో జవాబు కనిపెట్టింది. 1981లో అమెరికా కంపెనీ స్పైడెర్కో ఒక చాకును మార్కెట్లోకి తెచ్చింది. దాని పిడికి ఒక క్లిప్పు, బ్లేడులో బొటనవేలు పట్టేంత గుండ్రటి రంధ్రం. క్లిప్పు వల్ల చాకు జేబు అడుగుకు జారిపోయి తాళాలతో, చిల్లరతో కలిసిపోకుండా అంచునే నిలబడుతుంది. రంధ్రం వల్ల రెండో చేయి అవసరం లేకుండా తెరుచుకుంటుంది. అంతకుముందు మడత చాకంటే ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి గోటితో బ్లేడును లాగాల్సిందే. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని వేలాడే పనివాడికి అది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. ఆ కొత్త చాకుకు కంపెనీ పెట్టిన పేరు కూడా 'వర్కర్'. తర్వాతి కాలంలో మార్కెట్లోకి వచ్చిన జేబు చాకుల్లో చాలా భాగం ఈ నమూనాకు పిల్లలే.

ఇప్పుడు చాకుల మీద మోజున్నవాళ్లు గంటల తరబడి చర్చించుకునేది దీని కొనసాగింపు. క్లిప్పు పిడికి ఏ చివర ఉండాలి? మడిచిన బ్లేడు మొన జేబులో పైకి చూడాలా, కిందికి చూడాలా? పైకి ఉంటే తీయగానే పట్టు సరిగ్గా కుదిరి చప్పున తెరవొచ్చు. కానీ స్ప్రింగు వదులైతే బ్లేడు జేబులోనే కాస్త తెరుచుకుని, చెయ్యి పెట్టినవాడి వేళ్లకే తగులుతుంది. అందుకే అలా పెట్టుకునేవారు చాకు వెన్నును జేబు వెనక కుట్టుకు ఆనించి ఉంచుతారు. తెరుచుకోబోయినా గుడ్డ అడ్డుపడుతుంది. మొన కిందికి ఉంటే ఆ భయం లేదు, తీశాక చేతిలో తిప్పుకోవడానికి ఒక క్షణం పడుతుంది. బెల్టుకు తోలు ఒర కట్టుకోవడం మరో పద్ధతి. పొలంలో, అడవిలో బాగుంటుంది. బస్సు సీట్లో కూర్చుంటే నడుముకు గుచ్చుకుంటుంది.

మా తాతకు ఈ శాస్త్రం ఏదీ తెలియదు. ఆయన చాకు రొండిన ఉండేది. పంచె మడతలో, పొగాకు సంచి పక్కన. కర్ర పిడి, ఇనప బ్లేడు, ఎడమ గోటితో లాగితే టిక్కుమని తెరుచుకునేది. వేపపుల్ల కోసుకోవడానికి, జామకాయ చీల్చడానికి, గడ్డిమోపుకు కట్టిన తాడు తెంచడానికి, మాకు పెన్సిళ్లు చెక్కడానికి అదే. ఆ చాకుతో సంతలోకి, బస్సులోకి, తాలూకా ఆఫీసులోకి కూడా వెళ్లేవాడు. ఎవరూ అడిగిన గుర్తు లేదు. పంచెకట్టులో ఉన్న ముసలాయన రొండిన చాకు ఉంటే అది పనిముట్టు. జీన్స్ ప్యాంటులో ఇరవై ఏళ్ల కుర్రాడి జేబులో ఉంటే ఆయుధం. వస్తువు మారలేదు, మోసేవాడు మారాడు.

చట్టం ఈ తేడాను ఒప్పుకోదు, కనీసం కాగితం మీద. అది బ్లేడు పొడవు చూస్తుంది. కొంచెం శ్రద్ధగా చదివితే, పొడవుతో పాటు వేగాన్ని కూడా చూస్తుంది. స్విచ్ నొక్కితే తెరుచుకునే చాకుల వ్యాపారాన్ని అమెరికా 1958లో ఫెడరల్ చట్టంతో కట్టడి చేసింది. మరుసటి ఏడాదే బ్రిటన్ ఆ పని చేసింది. బ్రిటన్‌లో ఇప్పటికీ కారణం చెప్పకుండా జేబులో పెట్టుకోదగ్గది మూడు అంగుళాలు మించని, లాకు పడని మడత చాకు ఒక్కటే. జర్మనీ 2008లో ఇంకో అడుగు వేసింది. ఒంటి చేత్తో తెరుచుకుని లాకయ్యే చాకును సరైన కారణం లేకుండా బహిరంగంగా వెంట పెట్టుకోవడమే తప్పంది. అంటే ఆ పనివాడి చాకును పనివాడి చాకుగా నిలబెట్టిన సదుపాయమే అక్కడ అనుమానానికి ఆధారమైంది.

వేగాన్ని నేరంగా కొలిస్తే ఏమవుతుందో న్యూయార్క్ అనుభవం చెబుతుంది. అక్కడ 'గ్రావిటీ చాకు' నిషేధం 1950ల నాటిది. మణికట్టు విసిరితే బ్లేడు తెరుచుకుందా లేదా అన్నదే పరీక్ష. విసిరేది పోలీసు. బలంగా విసరగలిగిన పోలీసు చేతిలో హార్డ్‌వేర్ షాపులో బహిరంగంగా అమ్మే చాకు కూడా నిషిద్ధ ఆయుధమైపోయేది. దశాబ్దాలుగా అరెస్టయినవారిలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులు. పెట్టెలు కోసేవారు, తివాచీలు పరిచేవారు, రంగస్థలాలకు సామాన్లు మోసేవారు వారిలో ఉన్నారు. చివరికి 2019లో ఆ నిషేధాన్ని రాష్ట్రం ఎత్తేసింది.

మన దగ్గర పరిస్థితి కాస్త చిక్కుముడి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద, 2016 నిబంధనల ప్రకారం, తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి మినహాయింపు. ఆ లెక్కన మామూలు జేబు చాకు అసలు ప్రస్తావనకే రాదు. అయితే అదే చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం, ఏదైనా ప్రాంతంలో ప్రత్యేక పరిస్థితి ఉందనుకుంటే నోటిఫికేషన్‌తో కట్టుదిట్టం చేయొచ్చు. ఢిల్లీలో 1980లో వచ్చిన నోటిఫికేషన్ అలాంటిదే. 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించిన బ్లేడుతో స్ప్రింగు, బటన్, గరారీ వంటి యంత్రంతో తెరుచుకునే చాకులు దాని పరిధిలోకి వచ్చాయి. 7.62 సెంటీమీటర్లంటే సరిగ్గా మూడంగుళాలు. బ్రిటిష్‌వాడి మూడంగుళాలే మన దగ్గర సెంటీమీటర్ల వేషం వేసుకున్నాయనిపిస్తుంది.

గరారీ అంటే తెలియనివారి కోసం: రాంపురి చాకు తెరుస్తుంటే కిర్రుకిర్రుమనే పళ్ల చక్రం. నవాబుల కాలం నుంచి ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ ఆ పనితనానికి పేరు. హిందీ సినిమాల్లో విలన్‌కు ఆ చప్పుడే డైలాగు. (మన సినిమాలకు చాకు ఆనలేదు. వేటకొడవళ్లు, సుమోలు కావాల్సి వచ్చాయి.) 1990లలో నాలుగున్నర అంగుళాలు మించిన బ్లేడు మీద నిషేధం పడ్డాక రాంపూర్ చాకుల బజారు దాదాపు చచ్చిపోయింది. 2023లో అదే ఊరి కూడలిలో ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టి ఆవిష్కరించారు. జేబులో ఉంటే పట్టుకునే ప్రభుత్వమే నడిరోడ్డు మీద ఉంటే రిబ్బను కోస్తుంది.

ఢిల్లీ నోటిఫికేషన్ కథ అక్కడితో అయిపోలేదు. దాన్ని ఆధారం చేసుకుని ఏళ్ల తరబడి పోలీసులు బటన్‌దార్ చాకు దొరికిందంటూ కేసులు పెడుతూ వచ్చారు. గస్తీ, అనుమానం, సోదా, జేబులో చాకు. అలాంటి ఒక కేసు 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నోటిఫికేషన్‌ను కోర్టు అక్షరాలా చదివింది. అందులో ఉన్నది తయారీ, అమ్మకం, అమ్మకానికో పరీక్షకో దగ్గర ఉంచుకోవడం. నిందితుడు ఆ పనుల కోసమే చాకు పెట్టుకున్నాడని చార్జిషీటులో ఎక్కడా లేదు. కేసు కొట్టేశారు. నలభై నాలుగేళ్ల పాటు అందరి కళ్ల ముందున్న కాగితం అది. రాజనీతిశాస్త్రం చదువుకునే రోజుల్లో రాజ్యాధికారమంటే పార్లమెంటు, సైన్యం అని రాసుకున్నాం. ఒక కుర్రాడి జేబులో మూడంగుళాల ఇనుము దగ్గర అది ఎంత తీరిగ్గా కూర్చుని ఉంటుందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇక ఆత్మరక్షణ. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సు ఘోరం తర్వాత, 2013 జనవరిలో ముంబయిలో శివసేన మహిళలకు చాకులు పంచింది. ఆ కోపాన్ని తప్పుపట్టలేం. చెప్పాల్సింది వేరే ఉంది. దాడి చేసేవాడు వెనక నుంచి, చేయి చాపితే అందేంత దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది. అప్పటికి సంచి జిప్పు లాగి, చాకు వెతికి, వణికే గోటితో బ్లేడు తెరవడానికి సమయం ఉండదు. ఇన్నేసి క్లిప్పులూ బటన్లూ పుట్టింది అందుకే కదా అంటారు మీరు. నిజమే, కానీ రోజూ సాధన చేయని చేతికి బటన్ ఏమీ చేయదు. బలమైన అవతలి చేతిలోకి ఆ చాకు మారడానికి ఒక్క క్షణం చాలు. తర్వాత కోర్టు ఉంది. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్ల వరకు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి. అవసరాన్ని మించి హాని చేయకూడదన్న షరతుతోనే ఇస్తాయి. తొందరగా తీయడానికి వీలుగా పెట్టుకున్న చాకు, ముందే సిద్ధపడి వచ్చారనడానికి అవతలి లాయరు చేతిలో సాక్ష్యమవుతుంది. చాకు మీద పెట్టే నమ్మకం కంటే వెలుతురున్న దారి, గట్టిగా అరిచే గొంతు, పరిగెత్తనిచ్చే చెప్పులు మేలు. చాకు పంచినంత తేలిగ్గా వీధి దీపాలు వేయించలేం కాబట్టి నాయకులకు చాకులు నచ్చుతాయి.

కాబట్టి ఎలా పెట్టుకోవాలని నన్నడిగితే, మూడంగుళాల లోపు బ్లేడు, బటన్, స్ప్రింగు లేనిది, రెండు చేతులతో తెరిచేది కొనండి. పని చోట, పొలంలో, మీ ఇంట్లో హాయిగా జేబు అంచుకు తగిలించుకోండి. చాకు ఉండాల్సిన చోటు అదే. గేటు దాటి ఊళ్లోకి వెళ్లేటప్పుడు దాన్ని జేబులోంచి తీసి, దాని పనితో పాటు ఉంచండి. ఎలక్ట్రీషియన్ అయితే టెస్టర్ పక్కన, ప్రయాణికుడైతే యాపిల్ పక్కన. పది సెకన్లు ఆలస్యమవుతుంది. యాపిల్ ఏమీ అనుకోదు. మెట్రోలో దేన్ని అనుమతిస్తారో ముందే చూసుకోండి. విమానమైతే కార్గోలోకి వెళ్లే పెట్టెలోనే పెట్టండి. ఇది మర్చిపోయి ఒక విమానాశ్రయంలో నేను మంచి స్విస్ చాకును ప్లాస్టిక్ బుట్టలో వదిలేసి వచ్చాను. ఆ బుట్టలో అప్పటికే గోళ్ల కత్తెరలు, మూడు చాకులు, ఎవరిదో అడకత్తెర ఉన్నాయి.

అయితే ఈ సలహా ఆ ఎలక్ట్రీషియన్‌కు ఎంత పనికొస్తుందో నాకు అనుమానమే. రోజుకు నాలుగిళ్లు తిరిగేవాడు ప్రతి గేటు దగ్గరా చాకును జేబులోంచి సంచిలోకి, సంచిలోంచి జేబులోకి మార్చుకుంటూ కూర్చోడు. నేను మార్చుకుంటాను. ఎందుకంటే నా జేబులో ఆపి చూసేవాళ్లు తక్కువ, నాకు తీరిక ఎక్కువ.

తాత చాకు ఇప్పుడు మా అమ్మ వంటింట్లో ఉంది. పిడి మీది మేకు ఊడిపోతే రాగి తీగ చుట్టింది. పొద్దున్నే పాల ప్యాకెట్ మూల కోయడానికి దాన్నే వెతుక్కుంటుంది. ఎక్కడ పెట్టిందో ఏనాడూ ఒక్కసారిగా దొరకదు.