వగరుకూ ఒక ఊరుంది



నగరాల్లో అన్ని దేశాల వైన్ సీసాలూ ఇప్పుడు ఒకే అరలో దొరుకుతున్నాయి. ధర కనబడుతుంది, ఊరు కనబడదు. అందుకే ఈసారి ఇటలీలోని పీడ్‌మాంట్ కొండలకు, బరోలో దగ్గరికి వెళ్లాం.

నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలో ఎర్ర వైన్‌ది రంగు పలచన, వగరు గాఢం. వాసనలో గులాబీ, తారు. కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కపీపాల్లో మాగితేనే ఆ పేరు దక్కుతుంది. ఇక్కడి లా మొర్రా ఊరి వైన్ త్వరగా మెత్తబడుతుంది. కొద్ది కిలోమీటర్ల అవతల సెర్రలుంగ ఊరి వైన్ ఏళ్లపాటు మొండికేస్తుంది. తేడా మట్టిది. ఈ వగరును మచ్చిక చేసేది అక్కడి వంటే: వైన్‌లోనే నెమ్మదిగా ఉడికిన గొడ్డుమాంసం, వెన్న పాస్తాపై తురిమిన ఆల్బా తెల్ల ట్రఫుల్ పుట్టగొడుగు.

నేల, వంట, ఓపిక కలిసి రుచిని ఎలా తీర్చిదిద్దుతాయన్నదే ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం. వైన్ ముట్టని వారినీ ఈ పేజీలు చదివిస్తాయని మా నమ్మకం. మీ మాట కోసం చూస్తుంటాం.