మునిగిన ఓడలు, విడిపోయిన వలలు

ఈ సంవత్సరము మన వక్తృత్వ సంఘములో ఒక బాలుడు హాలండు దేశపు గజఈతగాండ్రను గూర్చి చక్కగా ప్రసంగించెను. ఉత్తర సముద్రమున మునిగియున్న పాత ఓడలకు చుట్టుకొనిన వలలను వారు జీతము లేకయే కోసి పైకి తెచ్చుచున్న సంగతి చెప్పి సభను మెప్పించెను. కాని తుదకు, సముద్రమున వలలను విడుచు జాలరులందరిని చెఱలో పెట్టవలెనని ఉద్రేకముతో ముగించెను. కరతాళధ్వనులు మ్రోగెను. వెనుక వరుసలోని జాలరి బాలురిద్దరు మాత్రము తలలు వంచుకొనిరి. ఆ తలవంపునకు కారణము లేదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ తెల్లవారుజామున హాలండు తీరమునకెదుట అబూకర్, హోగ్, క్రెస్సీ అను మూడు ఆంగ్లేయ యుద్ధనౌకలు కావలి తిరుగుచుండెను. అవి పాతబడిన ఓడలు. అందలి వారిలో పలువురు ఇల్లు వాకిలి విడిచి మరల కొలువునకు పిలువబడిన పెద్దలు. కొందరు డార్ట్‌మత్ నావికా కళాశాలనుండి తేబడిన బాలురు, అనగా మన ఉన్నత తరగతుల ఈడువారు. ఆంగ్ల నావికులే ఆ దళమునకు 'సజీవమైన ఎర' అని పరిహాసనామము పెట్టియుండిరి. యు-9 అను జర్మను జలాంతర్గామి మొదట అబూకరును కొట్టెను. అది నీటిలోని మందుపాతర తగిలి పగిలినదని తలచి, మునుగువారిని రక్షించుటకై తక్కిన రెండు ఓడలును దగ్గరకు వచ్చి నిలిచెను. అట్లు నిలుచుటచేతనే అవియు చెడెను. రెండు గంటలు నిండకమునుపే మూడును మునిగెను. 1,459 మంది మరణించిరి.

బ్రదికినవారు 837 మంది. వారిని నీటినుండి తీసినదెవరు? ఫ్లోరా, టైటన్ అను హాలండు ఓడలును, వానితోపాటు ఇంగ్లండులోని లోవెస్టాఫ్ట్ రేవునకు చెందిన చేపల పడవలును. విక్కమ్ మస్‌గ్రేవ్ అను 15 ఏండ్ల బాలుడు అబూకరునుండి దుమికి హోగునకు ఈదెను. అది మునుగగా క్రెస్సీకి ఈదెను. అదియు మునుగగా ఒక కొయ్యముక్కను పట్టుకొని తేలుచుండెను. వానిని తుదకు పైకి తీసినది ఒక హాలండు చేపల పడవయే. జాలరిని నిందించుటకు లేచినప్పుడు ఈ సంగతి మన జ్ఞాపకమున నుండుట మంచిది.

ఆ మూడు ఓడలును నేటికిని సుమారు 30 మీటర్ల లోతున పడియున్నవి. ఆ సముద్రపు అడుగు చాల దూరము ఇసుకయే. ఇసుకలో నిలువ నీడలేని ప్రాణులకు మునిగిన ఓడ ఒక పట్టణము వంటిది. ఇనుపరేకులపై సముద్రపుష్పములు అల్లుకొనును. సందులలో పీతలును పెద్ద రొయ్యలును కాపురముండును. కాడ్ చేపలు గుంపులుగా చేరును. చేప యున్నచోటికి జాలరి పోవుట సహజము. ఈడ్పువల ఒకానొకప్పుడు ఓడ అంచునకు తగులుకొనును. లాగినకొలది బిగియును. గాలి పెరిగినపుడు త్రాడు తెంచక తప్పదు. తెంచనిచో పడవయే తలక్రిందులగును. ఇట్టి వల పారవేయబడినది కాదు, పోయినది. పోగొట్టుకొనినవాడు ఆ దినపు కూలియే గాక అప్పుచేసి కొనిన సొత్తును కూడ పోగొట్టుకొని ఇంటికి వచ్చుచున్నాడు.

మన తాతలనాడును వలలు తెగినవి. కాని అవి నూలువి, జనుపనారవి. తుమ్మపట్ట కషాయములో ఎంత నానబెట్టినను కొన్నాళ్ళకు క్రుళ్ళి నీటిలో కలిసెడివి. 1935లో అమెరికాలో కనుగొనబడిన నైలాను రెండవ ప్రపంచయుద్ధము తరువాత వలలలో ప్రవేశించెను. అది క్రుళ్ళదు. యజమాని మరచినను వల తన పని మానదు. చేప చిక్కి చచ్చును. దానిని తినవచ్చిన పీత చిక్కును. ఆ పీతకై వచ్చినదియు చిక్కును. తినువాడు లేని వేట ఏండ్ల తరబడి సాగుచుండును. క్రుళ్ళని నూలు కావలెనని కోరినది జాలరి యొక్కడే కాదు. మన చొక్కాలకును, త్రాళ్ళకును, పండ్లు తోముకొను కుంచెలకును మనమును కోరితిమి.

ఇక ఆ ఈతగాండ్ర మాట. 2012లో హాలండువారు 'గోస్ట్ ఫిషింగ్' అను సంఘమును స్థాపించిరి. 'మునిగి ఉత్తర సముద్రమును శుభ్రము చేయుడు' అను అర్థము గల పేరుతో మరియొక సంఘమును కలదు. ఆటుపోటుల నడుమ నీరు నిలుకడగా నుండు కొద్ది సేపే వారికి పని గడువు. నీరు తరచుగా మసకగా నుండును. కోయుచున్న వలయే కోయువానిని చుట్టుకొనవచ్చును. అందుచే ఒంటరిగా ఎవడును దిగడు. కత్తులతో ముక్కలుగా కోసి, గాలి నింపిన సంచులకు కట్టి పైకి పంపుదురు. ప్రాణముతో చిక్కియున్న పీతలను అక్కడనే విడిచిపెట్టుదురు. నైలాను వలలలో కొన్ని మరల నూలుగా మారుచున్నవి. అది మంచిదే గాని, ఆ మేజోళ్ళను చూచి మురియుట కంటె వల పోకుండ చూచుట మేలు.

ఓడ సమాధి గదా, దానిని ముట్టవచ్చునా అని కొందరు శంకింతురు. ఇది త్రోసివేయదగిన శంక కాదు. ఈ మూడు ఓడలను ఆంగ్ల ప్రభుత్వము 1954లోనే ఒక జర్మను కంపెనీకి లోహము కొఱకు అమ్మెను. మృతుల బంధువులకు అది నేటికిని తీరని బాధ. కాని సమాధిని త్రవ్వుట వేరు, దానిపై ముళ్ళకంపను తీయుట వేరు. ఈస్టరునకు ముందు మనము సమాధులతోటకు పోయి గడ్డి పెరికి సున్నము వేయుదుము. దానిని ఎవరైన అపచారమందురా? అయినను కంపతోపాటు రాయి పెకలించుట తగదు. వల ఓడతో ఏకమై, దానిపై ప్రాణులు అల్లుకొని, లాగినచో రేకులే ఊడివచ్చునట్లున్నచో అంతవరకు కోసి తక్కినది విడుచుటయే నా దృష్టిలో న్యాయము.

ఇంతకును ఈతగాడు వల యున్న చోటు ఎట్లెఱుగును? పోగొట్టుకొనినవాడు చెప్పవలెను. తీయజాలని వలను గూర్చి 24 గంటలలో తెలుపవలెనని ఐరోపా సంఘము 2009లో శాసనము చేసెను. శాసనము మంచిదే. కాని చెప్పినవానికి చెఱ యని భయపెట్టినచో ఎవడు నోరు విప్పును? మన బాలుని సలహా అమలు జరిగిన మరునాడు ఏ వలయు 'పోదు'. నీటిలో మాత్రము ఎప్పటివలెనే వ్రేలాడుచుండును.

కనుక నా సూచన యిది. మన పాఠశాలకు బాలురను పంపుచున్న తీర గ్రామములలో, పడవలు ఒడ్డుకు చేరు తావున, ఒక పుస్తకముంచవలెను. వల తెగినవాడు ఏ దిక్కున, ఎంత లోతున, ఏ జాతి వల అని అందు వ్రాయించవలెను. పేరు అక్కరలేదు. వ్రాయుట రానివారికి మన విద్యార్థులు వ్రాసిపెట్టవలెను. మొదటి పుస్తకమునకు గీతలు గీయు పని ఆనాడు వెనుక వరుసలో కూర్చున్న ఆ యిద్దరికిని, ప్రసంగించిన బాలునికిని కలిపి అప్పగించుచున్నాను.