మిషను ఇస్తే చాలదు, నూనె వేయడమూ నేర్పాలి

రేపల్లె నుంచి తెనాలి వచ్చే బస్సులో అప్పుడప్పుడు ఒక దృశ్యం కనిపిస్తుంది. ఒక ఇల్లాలు కుట్టుమిషను తలను గోనెసంచిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. పోత ఇనుముతో చేసిన ఆ తల పది కిలోల పైనే వుంటుంది. తెనాలిలో మెకానిక్కుకు చూపించి, పొద్దుగూకే లోపల ఇల్లు చేరాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితమైంది గనుక చార్జీ బెడద తప్పింది. కానీ పోయిన రోజు తిరిగి రాదు కదా! పండుగ ముందో, పెళ్ళిళ్ళ రోజుల్లోనో అయితే ఒప్పుకున్న జాకెట్లు వేళకు అందవు. అడిగినవారు మరో ఇంటికి వెళతారు.

తీరా మెకానిక్కు విప్పి చూస్తే చాలాసార్లు విరిగింది, అరిగింది ఏమీ వుండదు. లోపల కొబ్బరినూనె బంకలా పేరుకుని వుంటుంది. బాబిన్ కేసు కింద దారపు నూగు దూదిలా అట్టకట్టి వుంటుంది. దాన్ని తీసి, తుడిచి, అసలు నూనె నాలుగు చుక్కలు వేస్తే మిషను మళ్ళీ పరుగెత్తుతుంది. ఈ పని ఇంట్లోనే అయ్యేది. ఎవరూ నేర్పలేదు గనుకనే ఈ ప్రయాణం.

కుట్టుమిషను పేదింటికి పెద్ద ఆసరా. అమెరికాలో ఐజాక్ సింగర్ తన మిషనుకు పేటెంటు పొందింది 1851లో. యంత్రాల మోజును విమర్శించిన గాంధీజీ సైతం 1924లో సింగర్ కుట్టుమిషనును మాత్రం మినహాయించి మెచ్చుకున్నారు. ఆనాటి నల్ల మిషన్లు అత్తగారి నుంచి కోడలికి వచ్చి ఇప్పటికీ పనిచేస్తున్న ఇళ్ళు మన పల్లెల్లో వున్నాయి. వాటి ఆయుష్షుకు రహస్యం ఏమీ లేదు. వేళకు నూనె పడింది, అంతే.

ఇప్పుడు మిషన్లు పంచే పథకాలకు కొదవ లేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తులలో దర్జీపని ఒకటి. పనిముట్లకు అందులో రూ. 15,000 వరకు సాయం వుంది. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం కూడా వెనుకబడిన తదితర వర్గాల మహిళలకు కుట్టు శిక్షణ ప్రారంభించింది. మంచిదే. అయితే శిక్షణ అంటే కొలతలు, కత్తిరింపు, కుట్టుపని అనే అభిప్రాయమే ఎక్కువ. మిషనును విప్పి శుభ్రం చేయడం మెకానిక్కు పని అని వదిలేస్తున్నారు. ఎద్దును ఇచ్చి మేత సంగతి చెప్పకపోతే సేద్యం ఎన్నాళ్ళు సాగుతుంది?

ముందుగా నూనె సంగతి. వంటనూనె ఏదైనా గాలి తగిలి కొన్నాళ్ళకు చిక్కబడుతుంది. కొబ్బరినూనె అయితే చలికాలంలో గడ్డకడుతుంది. దానికి దుమ్ము, నూగు అంటుకుంటే మిషను బరువెక్కుతుంది. "బరువుగా తిరుగుతోంది, ఇంకాస్త పోద్దాం" అని అదే నూనె మళ్ళీ పోస్తారు. కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక వూడినట్టు అవుతుంది. కిరోసిన్ బంకను కరిగిస్తుందే గాని ఇనుము అరగకుండా కాపాడదు. దానితో శుభ్రం చేస్తే పొడిగా తుడిచి, తప్పకుండా మిషను ఆయిల్ వేయాలి. మిషను ఆయిల్ నీళ్ళలా పలుచగా, రంగు లేకుండా వుంటుంది. చిన్న సీసా ఖరీదు ఒక్క జాకెట్టు కుట్టుకూలికి మించదు. నెలల తరబడి వస్తుంది.

ఇక పద్ధతి. ముందు సూదిని, బాబిన్ కేసును తీయాలి. సూది దిగే పలక విప్పి, బట్టను నడిపే పళ్ళ సందుల్లో నూగును చిన్న బ్రష్షుతో దులపాలి. నోటితో వూదితే నూగు ఇంకా లోపలికి పోతుంది, తడి కూడా చేరుతుంది. మిషను తల మీద వున్న రంధ్రాలన్నిటిలో ఒక్కొక్క చుక్క. సూది కడ్డీకి, షటిల్ తిరిగే గాడికి ఒక్కొక్క చుక్క. తలను వెనక్కి వాల్చి అడుగున కదిలే కీళ్ళకు, కాళ్ళతో తొక్కే పలక ఇరుసులకు ఒక్కొక్క చుక్క. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. మిగిలిన నూనె బట్టకే అంటుతుంది. తర్వాత దారం లేకుండా, పాదం పైకెత్తి, రెండు నిమిషాలు తొక్కాలి. పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి, మరక పడడం లేదని చూసుకున్నాకే మంచి బట్ట పెట్టాలి.

రోజంతా కుట్టేవారు రోజుకోసారి, అప్పుడప్పుడు కుట్టేవారు వారానికోసారి ఈ పని చేస్తే చాలు. కరెంటు మోటారులో మాత్రం నూనె పోయరాదు. కొత్త రకం మిషన్లకు ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో వాటితో వచ్చే పుస్తకం చెబుతుంది. కుట్టు ఎగిరినా, దారం తెగినా ముందు సూదిని మార్చి చూడండి. వంగిన సూది వల్ల వచ్చే తగాదాలే ఎక్కువ.

మన ప్రాంతానికి మరో బాధ కూడా వుంది. బాపట్ల, సూర్యలంక, నిజాంపట్నం వైపు వుప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అక్కడివారు పని కాగానే తుడిచి, పొడిగుడ్డ కప్పి వుంచాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకలు నీట మునిగాయి. మునిగిన మిషనును ఎండలో పెట్టి వూరుకుంటే వారంలో బిగుసుకుపోతుంది. బురదను మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కిరోసిన్‌తో తుడిచి, ఆ రోజే నూనె పట్టించాలి. మోటారు వుంటే మాత్రం మెకానిక్కు చూసేవరకు స్విచ్చి వేయరాదు.

ఇదంతా మెకానిక్కుల పొట్ట కొట్టే మాట అని ఎవరైనా అనవచ్చు. కానే కాదు. సూదికి, షటిల్‌కు పొందిక తప్పితే, గేర్లు అరిగితే వారే దిక్కు. అలాంటి పని వారికి ఎప్పుడూ వుంటుంది.

కనుక మిషన్లు పంచే అధికారులకు, దాతలకు ఒక మనవి. మిషనుతో పాటు ఒక నూనె సీసా, ఒక స్క్రూడ్రైవరు, ఒక బ్రష్షు ఇవ్వండి. శిక్షణలో ఒక్క పూట దీనికి కేటాయించి, ప్రతి ఒక్కరి చేత మిషను విప్పించి మళ్ళీ బిగింపించండి. డ్వాక్రా సంఘాలవారు తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి ఒక మెకానిక్కును నెలకోసారి వూరికి పిలిపించుకోవచ్చు. మండలానికి ఇద్దరు ఆడపిల్లలకు ఈ మరమ్మతు నేర్పితే వారికీ బతుకుతెరువు దొరుకుతుంది.

అధికారులు కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. ఈ రాత్రి పడుకోబోయే ముందు మీ మిషను బాబిన్ కేసు తీసి చూడండి. అక్కడ కనిపించే నూగే అంతా చెబుతుంది.