బేతాళ చిత్రకారుడికి కుప్పంలో చోటివ్వాలి

చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, బెదరని రాజు. పిల్లల పత్రిక చందమామలో బేతాళ కథల మొదట్లో నెలనెలా కనిపించిన ఈ బొమ్మను ఎరగని తెలుగు పాఠకులు ఒకప్పుడు అరుదు. మదనపల్లెలో తెలుగు చందమామ తెరిచినా, కుప్పం దాటి కృష్ణగిరిలో తమిళ అంబులిమామ తెరిచినా, పుంగనూరు అవతల కోలారు వైపు కన్నడ సంచిక తెరిచినా బొమ్మ అదే, కింద శంకర్ సంతకం అదే.

ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్. తమిళుడు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివి, ‘కలైమగళ్’ పత్రికలో పనిచేసి, 1950ల తొలి ఏళ్లలో చందమామలో చేరారు. పత్రిక చివరి రోజుల దాకా, సుమారు అరవై ఏళ్లు, ఆ కుంచె ఆగలేదు. కథాసరిత్సాగరంలోని పాతిక బేతాళ కథలూ అయిపోయాక చందమామ కొత్తవి అల్లుకుంటూ పోయింది. కథలు మారాయి, రాజు నడక మాత్రం మారలేదు. ఆయన గీసిన భయంలో నెత్తురు లేదు, జుగుప్స లేదు. పిల్లలు జడుసుకుంటూనే పేజీ తిప్పేవారు. పెద్ద నేర్పు అంటే అదే.

చందమామలో శంకర్‌కు తోడుగా ‘చిత్ర’ ఉన్నారు. అసలు పేరు టి.వి. రాఘవన్. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం సీరియళ్లలోని మాంత్రికులకూ వికృతాకారాలకూ రూపం పోసింది ఆయనే.

ఇలాంటి బొమ్మలు గీసేవారికి వేరేచోట దక్కే గౌరవం చూడండి. ఇటలీలో 1986లో మొదలైన భయానక కామిక్ ‘డిలన్ డాగ్’ తొలి సంచికకు బొమ్మలు వేసింది ఆంజెలో స్తానో. అక్కడ అలాంటి కామిక్‌ను పెద్దలు కూడా కొని చదువుతారు, బొమ్మలు వేసినవారిని కళాకారులుగానే చూస్తారు. శంకర్‌కు మన దేశం పద్మశ్రీ ఇచ్చింది, కానీ 2021లో, ఆయన కన్నుమూసిన మరుసటి ఏడాది. బతికుండగా ఇవ్వాల్సిన గౌరవమది.

ఇప్పుడైనా చేయదగ్గ పని ఒకటుంది. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం పొరుగు భాషల మధ్య వారధిగా పుట్టింది. 1947 జులైలో తెలుగు, తమిళాల్లో ఒకేసారి మొదలై, తర్వాత కన్నడానికీ పాకిన పత్రిక బొమ్మలకు అంతకన్నా తగిన ఇల్లు దొరకదు. మూడు భాషల సంచికలనూ పక్కపక్కనే పెట్టి, ఏ బొమ్మ ఎవరు గీశారో వివరాలతో శాశ్వత ప్రదర్శన పెట్టాలి. అటకల మీద పాత చందమామలున్న మదనపల్లె, పుంగనూరు పాఠకులారా, చెదలు పట్టకముందే వాటిని కిందికి దించండి, ఈ పనికి ఇవ్వండి.