సున్నపుబట్టీకీ అగ్నిపర్వతానికీ ఒకటే సమీకరణం

వంటింటి గట్టుకు వేసిన నల్లని కడప బండ మీద నిమ్మరసం చుక్క పడి, తుడవకుండా రాత్రంతా ఉండిపోతే, తెల్లవారేసరికి అక్కడ పాలిపోయిన మచ్చ ఒకటి తేలుతుంది. దానిని ఎంత తోమినా వదలదు, ఎందుకంటే అది బండకు అంటిన మరక కాదు, బండ కరిగిపోయిన చోటు. కడప బండ సున్నపురాయి, అంటే ప్రధానంగా కాల్షియం కార్బనేట్. ఆమ్లం తగలగానే ఆ పదార్థం విడిపోయి, అందులో ఇమిడి ఉన్న కార్బన్ డయాక్సైడ్, పాత పాఠ్యపుస్తకాల మాటలో బొగ్గుపులుసు వాయువు, గాలిలో కలిసిపోతుంది. 50 కోట్ల ఏళ్లకు పైగా రాతిలో ఉన్న వాయువు అలా ఒక నిమ్మచెక్క వల్ల బయటపడుతుంది.

బడి రసాయనశాస్త్రం ఈ రాతిని మూడు చర్యలతో ముగిస్తుంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే 100 కిలోల రాయిలో 56 కిలోలు పొడిసున్నంగా మిగిలి, తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతాయి. వేడికి ఒక పదార్థం ఇలా విడిపోవడాన్నే ఉష్ణ వియోగం అంటారు. పొడిసున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. దానిని గోడకు వెల్ల వేస్తే, రెండు మూడు రోజుల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడి మెరుపు తేలుతుంది, అంటే బట్టీలో విడిపోయిన రాయే గోడ మీద పలుచని పొరగా మళ్లీ పుడుతుంది. బట్టీ వదిలిన వాయువును గోడ తిరిగి తీసుకుంది కనుక, కట్టెల పొగను పక్కన పెడితే, జమాఖర్చు సరిపోయింది. ఈ లెక్కను తూకం వేసి తేల్చినవాడు స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్; 1756లో అచ్చయిన తన పరిశోధనలో ఆయన ఈ వాయువును, ఘనపదార్థంలో స్థిరపడి ఉండేది కాబట్టి, స్థిరవాయువు అన్నాడు.

ఇంతవరకు పాఠం బాగానే ఉంది. లోపమల్లా అది ఆగిన చోటులో ఉంది. సున్నం రసాయనశాస్త్రానికీ, భూఫలకాలు సాంఘికశాస్త్రానికీ, భూమి తొలి వాతావరణం జీవశాస్త్రానికీ వాటాలుగా పోవడంతో, ఈ మూడూ ఒకే చర్య తాలూకు ముక్కలన్న సంగతి ఏ పీరియడ్‌లోనూ చెప్పే వీలు లేకుండా పోయింది.

ప్రయోగాన్నే సగంలో ఆపేసే అలవాటు కూడా ఉంది. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా మారుతుందని అందరికీ తెలుసు, కాని ఊదడం మానకపోతే ఆ తెలుపు మళ్లీ తేటపడుతుందని కొందరే చూసి ఉంటారు: ఎక్కువైన కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి బలహీనమైన ఆమ్లమై, కరగని కార్బనేట్‌ను కరిగే బైకార్బనేట్‌గా మారుస్తుంది. నంద్యాల జిల్లాలో 3 కిలోమీటర్లకు పైగా సాగే బెలూం గుహలను తొలిచింది ఈ రెండో సగమే. అదే నీరు గుహ పైకప్పు నుంచి చుక్కచుక్కగా జారేటప్పుడు వాయువు ఎగిరిపోయి, రాయి ఊడల్లా పేరుకుంటుంది. కరిగేటప్పుడు తీసుకున్నదంతా గట్టిపడేటప్పుడు ఇచ్చేస్తుంది కాబట్టి, సున్నపురాయి ఎంత కరిగి ఎంత పేరుకున్నా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ శాశ్వతంగా తగ్గదు. ఇక్కడా గోడకు వేసిన వెల్ల లెక్కే.

గాలిలోని ఆ వాయువు తగ్గాలంటే కాల్షియం మరో జాతి రాతి నుంచి రావాలి. గ్రానైట్, దక్కను నల్లరాయి వంటివి సిలికేట్ రాళ్లు, అంటే సిలికాన్, ఆక్సిజన్‌ల అల్లికలో లోహాలు చిక్కుకుని ఏర్పడినవి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పులిసిన వాననీరు వాటిని యుగాల తరబడి కొరికి, విడిపించిన కాల్షియంను నదుల గుండా సముద్రానికి చేర్చగా, అది అక్కడ కార్బనేట్‌గా అడుగున పేరుకుంటుంది. శిలాశైథిల్యం అనే ఈ పనిలో కొత్త సున్నపురాయి పుడుతుంది, గాలి నుంచి వాయువు నికరంగా తరుగుతుంది. ఫ్రెంచి రసాయనవేత్త ఎబెల్మెన్ 1845లోనే దీనిని గ్రహించినా లోకం మరిచిపోయింది. అమెరికన్ శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ 1952లో తిరిగి ఎత్తిచూపాడు. ఈ యూరీ పేరు విద్యార్థులకు మరో సందర్భంలో తెలుసు: మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్‌లతో నిండిన తొలి వాతావరణాన్ని ఊహించి, శిష్యుడు మిల్లర్ 1953లో ప్రకటించిన, జీవం పుట్టుక మీది ప్రసిద్ధ ప్రయోగానికి ఆధారమిచ్చినవాడుగా. తొలి గాలిలో ప్రధానంగా ఉన్నవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్‌లేనని భూవిజ్ఞానులలో ఎక్కువమంది తరువాత అభిప్రాయపడ్డారు. యూరీ ఊహలలో వయసు మళ్లినది పాఠంలో నిలిచి, నేటికీ చెల్లుబాటయ్యేది పాఠానికి వెలుపల ఉండిపోవడం విచిత్రమే.

శుక్రగ్రహంతో పోల్చి చూస్తే ఈ చర్య విలువ తెలుస్తుంది. అక్కడి గాలిలో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడ్, ఒత్తిడి భూమి మీదికంటే 90 రెట్లు, నేల వేడి దాదాపు 460 డిగ్రీలు. భూమి పైపొరల్లోని సున్నపురాళ్లన్నిటినీ కాల్చగలిగితే వెలువడే వాయువు శుక్రుడి మీద ఉన్నదానికి దరిదాపుల్లోకి వస్తుంది. నీళ్లు నిలిచిన గ్రహంలో అది రాయయింది, నీళ్లు నిలవని గ్రహంలో గాలిగానే ఉండిపోయింది.

అయితే వాన ఇలా తీసుకుంటూనే పోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ అడుగంటి భూమి గడ్డకట్టేది. దానిని తిరిగి ఇచ్చేది ఫలకాల చలనం. భూమి పైపొర ముక్కలైన ఫలకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతూ, ఒకటి మరొకదాని కిందికి దిగినప్పుడు సముద్రపు అడుగు సున్నం కూడా దానితో లోతుకు పోతుంది; మధ్య అమెరికా పశ్చిమ తీరంలో కోకోస్ ఫలకం అలాగే దిగుతోంది. లోపలి వేడికి కార్బనేట్ సిలికాతో కలిసి, కార్బన్‌లో కొంత అగ్నిపర్వతాల గుండా వాయువుగా బయటికి వస్తుంది, బట్టీలో లాగే ఇక్కడా వేడికి కార్బనేట్ తన వాయువును వదులుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక పగ్గం ఉందని శాస్త్రవేత్తలు వాకర్, హేస్, కాస్టింగ్ 1981లో వివరించారు: వాతావరణం వేడెక్కితే వానలు, శైథిల్యం పెరిగి వాయువు తరుగుతుంది, చల్లబడితే శైథిల్యం మందగించి అగ్నిపర్వతాల వాయువు పేరుకుంటుంది. సూర్యుడు ఇప్పటి వెలుగులో 70 శాతమే ఇచ్చిన తొలినాళ్లలోనూ సముద్రాలు గడ్డకట్టకపోవడానికి ఇదొక ప్రధాన కారణమని భావిస్తారు. ఆ పగ్గానికి తొందర లేదు, అది బిగియడానికి లక్షల ఏళ్లు పడుతుంది.

కడప, కర్నూలు సున్నపురాళ్లు ఈ చక్రంలో ఒక పక్కన నిలిచిపోయినవి. వేంపల్లె ప్రాంతపు రాళ్లలో సూక్ష్మజీవుల పొరలు గోపురాల్లా పేరుకున్న స్ట్రొమటొలైట్లు కనిపిస్తాయి. అవి 180 కోట్ల ఏళ్లకు పైబడినవి, గాలిలోకి ఆక్సిజన్ చేరడం మొదలైన కొన్ని పదుల కోట్ల ఏళ్ల తరువాతివి. అప్పటి సముద్రం పోయినా దాని సున్నం తేలికైన ఖండపు నేల మీద ఉండిపోయింది, ఖండపు నేల సులభంగా మునగదు గనుక ఏ ఫలకమూ దానిని లోపలి కొలిమికి మోసుకుపోలేదు. ఇప్పుడు పల్నాడులోనూ నంద్యాలలోనూ తాండూరులోనూ అటువంటి రాయే దాదాపు 1,450 డిగ్రీల సిమెంటు బట్టీలకు చేరుతోంది. బట్టీకి బొగ్గు మాని ఎండతోనో గాలితోనో వేడి అందించినా, 100 కిలోల సున్నపురాతికి 44 కిలోలన్న బడి లెక్క మారదు, ఎందుకంటే ఆ వాయువు ఇంధనంలోది కాదు, రాతిలోది. కాంక్రీటు దశాబ్దాల మీద అందులో కొంత తిరిగి పీల్చుకుంటుంది గాని, వెల్ల వేసిన గోడలా పూర్తిగా కాదు. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ ఏటా వదిలేదానికంటే సిమెంటు బట్టీలలో రాతి నుంచి వెలువడేదే నేడు ఎక్కువ.