జూబ్లీ హిల్స్ స్థలముల విభజన

నివాసమునకై కేటాయింపబడిన స్థలమును వ్యాపారమునకు మార్చుకొనుటకును, పెద్ద స్థలమును ముక్కలుగా విభజించుకొనుటకును జూబ్లీ హిల్స్‌యందు దరఖాస్తులు పెట్టుట నేడు నిత్యకృత్యమైనది. దరఖాస్తుదారున కిది సొంత ఆస్తి వ్యవహారము. కార్యాలయమున కిది యొక ఫైలు. ప్రక్కయింటివారికో, వారి వీథి, వారి నీరు, వారి రాత్రి నిద్ర యిందులో నిమిడియున్నవి. ఈ మూడవ పక్షమును ముందుగా అడుగువారు లేకపోవుటయే మా ఫిర్యాదు.

1960వ దశకమున సహకార గృహనిర్మాణ సంఘము ఈ రాతిగుట్టలను ఇండ్లస్థలములుగా విభజింప బూనినప్పుడు ఊరు దూరము, స్థలము చౌక. ఒక్కొక్క స్థలమున నొక యిల్లు, ఇంటిచుట్టును చెట్లు, ఇదియే నాటి తలంపు. అటుపై మద్రాసునుండి తెలుగు చిత్రపరిశ్రమ తరలివచ్చినది. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసినది, ఫిల్మ్‌నగర్ పెరిగినది. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెఱవబడినవి. 2020లో దుర్గము చెఱువుపై తీగల వంతెన పడుటతో 45వ నంబరు రోడ్డు ఇండ్ల వీథి యన్న పేరు పోగొట్టుకొని రాజమార్గ మైపోయినది. ఇట్టి వీథిలోని గజము స్థలమున కింత వెల పలుకుచుండగా యజమాని తోటను కాపాడుకొనునని యాశించుట పిచ్చితనమే.

విభజనయే పాపమని మేమనుట లేదు. ఒక కుటుంబమున్న చోట నాలుగు కుటుంబములు కాపురముండుట లోకమునకు నష్టము కాదు. అదే గుట్టల వాలున ఫిల్మ్‌నగర్ బస్తీలలో బీదజనము ఇరుకు గదులలో కాలము గడుపుచున్నారు. ప్రభుత్వభూమిలో 125 గజములలోపున గుడిసె వేసికొన్న బీదలకు ఆ నేలను ఉచితముగా క్రమబద్ధము చేయుటకు 2014లో 58వ నంబరు ఉత్తర్వు వచ్చినది. దానిని చూచి ముక్కు విఱిచిన పెద్దలు తమ పెరటి ప్రశాంతతను ప్రజాహిత మనిన నెవరు నమ్ముదురు?

కాని ముక్కలైన స్థలముతో నీరు పెరుగదు. కృష్ణ నీరు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి పంపులతో నెత్తబడి యీ నగరమునకు వచ్చుచున్నది; గుట్టపైకి దానిని మఱల నెక్కింపవలెను. మురుగు మాత్రము ఎవరును త్రోయకయే పల్లమునకు బోవును, పల్లమున నుండునవి బస్తీలు! 2012 నాటి 168వ నంబరు కట్టడముల నిబంధనలు రోడ్డు వెడల్పును, భవనపు టెత్తును, చుట్టును విడువవలసిన జాగాను చక్కగా కొలుచును. ప్రహరీగోడకు వెలుపల నున్నవారి కేమగునో ఆ కొలతలలో కానరాదు.

భూవినియోగమును మార్చుటకు ముందు పత్రికలలో ప్రకటించి ఆక్షేపణలను కోరవలెనని 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టమును, 2008 నాటి మహానగరాభివృద్ధి సంస్థ చట్టమును శాసించుచున్నవి. బాగుగనే యున్నది. ఏ మూలనో చిన్న యక్షరములలో సర్వే నంబర్లతో వెలువడు ప్రకటన తన ప్రక్కస్థలమును గుఱించినదని గృహిణి కెట్లు తెలియును? తెలిసియు, అభ్యంతరము వ్రాసియు నేమి లాభము? అతిక్రమించి కట్టినవారికి 2007లోను 2015లోను, అనధికారముగా స్థలములు విభజించినవారికి 2015లోను 2020లోను రుసుముపై క్షమాభిక్ష లభించినది. నియమము పాటించి యనుమతికై తిరిగినవాడే వెఱ్ఱివాడైనాడు.

పబ్బుల రొదకు తాళలేక జూబ్లీ హిల్స్ నివాసులు హైకోర్టు కెక్కగా, రాత్రి పది దాటిన పిమ్మట సంగీతధ్వని కూడదని 2022 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చినది. నివాసగృహముల నడుమ పబ్బు వెలయుటకు ముందే వినవలసిన మొఱ యది. కోర్టు ఖర్చులు పెట్టుకొనగలవారు గనుక వినిపించుకొనిరి. బస్తీవారి మాట యేమి? చండీగఢమున తొలిదశ సెక్టార్లలోని ఇండ్లను అంతస్తులవారీగా అపార్టుమెంట్లుగా విభజించి యమ్ముటను 2023 జనవరిలో సుప్రీముకోర్టు నిషేధించినది. పర్యావరణముపై ఫలితమును విచారింపకయే పట్టణములను పెంచరాదని ప్రభుత్వములను హెచ్చరించినది. చండీగఢమునకున్న వారసత్వ ప్రతిష్ఠ మనకు లేకపోవచ్చును; హెచ్చరిక మనకును వర్తించును.

74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, భూవినియోగ నియంత్రణమును పురపాలకసంఘముల కర్తవ్యములలో జేర్చి, మూడు లక్షల జనసంఖ్య గల నగరములకు వార్డు కమిటీలను విధించినది. స్వరాజ్యము వీథిచివరివఱకు రావలెననుటయే దాని యర్థము. దరఖాస్తు వచ్చిన స్థలపు గోడమీద తెలుగునను ఉరుదునను బోర్డు కట్టుడు. ఆ దరఖాస్తును వార్డు కమిటీలో చదివి, ఇరుగుపొరుగువారిని, దిగువనున్న బస్తీవారినిగూడ పిలిచి వినుడు. ఎన్ని కుటుంబములకు నీరు, మురుగుపారుదల చాలునో జలమండలిచేత వ్రాయించి ఫైలులో నుంచుడు. కాదన్నచో కారణము, అవునన్నచో కారణము, రెండును ఆ బోర్డుమీదనే యంటింపుడు.